పెట్ షాపులో ఉద్యోగం పాపమా? చెల్లి అడిగిన ప్రశ్న



పోయిన వీడియోలో ధర్మవ్యాధుడి కథ చెప్పుకున్నాం కదా. అందులో ఒక విషయం టైం సరిపోక వదిలేశాను అని చివర్లో అన్నాను. నిజానికి టైం సరిపోక కాదండి, కెమెరా ముందు చెప్పడానికి ధైర్యం చాలక. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్తున్నా. నేను పండితుణ్ణి కాదు. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు నాకు అర్థమైనంతలో భారతం, భాగవతం చదువుకునేవాణ్ణి. తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి.

విషయం ఏంటంటే, మా పిన్ని కూతురికి 17 ఏళ్ళు. ఇంటర్ సెకండ్ ఇయర్ పరీక్షలు అయిపోయాయి. ఈఏపీసెట్ రాసేసి కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తోంది. వాళ్ళ వీధి చివర ఒక పెట్ షాప్ ఉంది. కుక్కపిల్లలు, లవ్ బర్డ్స్, చేపలు, వాటి దాణా, బెల్టులు అన్నీ అమ్ముతారు. ఒకరోజు షట్టర్ మీద "హెల్పర్ కావలెను" అని కాగితం అంటించారు. నెలకి 8 వేలు. రెండు నెలలు చేస్తే కాలేజీలో చేరేటప్పుడు సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కోవచ్చని దీని ప్లాన్. బాబాయ్ వ్యాపారం ఈమధ్య అంతంత మాత్రంగా ఉంది. లాప్‌టాప్ గురించి ఆయన్ని అడగడం దానికి ఇష్టం లేదు. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నాకు మాత్రం చెప్పింది.

ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. పిన్ని ఫోన్ చేసి, "నువ్వైనా చెప్పరా దానికి. కుక్కల పెంట ఎత్తే పని అంట. రేపు బంధువులకి ఏం చెప్పుకోవాలి?" అంది. బాబాయ్ "చదువుకునే పిల్లకి ఇప్పుడే సంపాదన ఎందుకు" అని ఊరుకున్నారు. ఇక అమ్మమ్మ ఒకే ఒక్క మాట అంది: "చిలకని పంజరంలో పెట్టినందుకే రామదాసు అంతటివాడు గోల్కొండలో 12 ఏళ్ళు మగ్గాడు. మీకేం తెలుసే!"

మాది ఖమ్మం వైపు. భద్రాచలం రాముడు మాకు ఇంటి దేవుడితో సమానం. కంచర్ల గోపన్న పూర్వజన్మలో ఒక చిలుకని పంజరంలో బంధించాడని, ఆ కర్మఫలమే తానీషా కాలంలో చెరసాల అయ్యిందని మన ఇళ్ళల్లో చెప్పుకునే కథ మీ అందరికీ తెలిసే ఉంటుంది. గోల్కొండ కోటకి వెళ్తే రామదాసు బందిఖానా ఇప్పటికీ చూపిస్తారు. చిన్నప్పుడు నేనూ ఆ గోడల మీది బొమ్మలు చూశాను.

పిన్ని మాట, బాబాయ్ మాట దానికి పెద్దగా తగల్లేదు. అమ్మమ్మ మాట తగిలింది. రాత్రి 11 గంటలకి మెసేజ్ పెట్టింది: "అన్నా, నువ్వు ఇవన్నీ చదువుతావ్ కదా. నిజంగా పాపమా? చేరొచ్చా, వద్దా?"

ముందు పరువు సంగతి

ఇది తేలికైన ప్రశ్న, కాబట్టి ముందు దీన్ని పక్కన పెట్టేద్దాం. మనలో చాలామంది గోశాలకి వెళ్ళి పేడ ఎత్తితే ఫోటో తీసి స్టేటస్ పెడతాం, కింద "సేవ" అని రాస్తాం. అదే పని కుక్కల దగ్గర జీతానికి చేస్తే పరువు తక్కువ ఎలా అవుతుంది? దత్తాత్రేయుడి పటంలో ఆయన కాళ్ళ దగ్గర నాలుగు కుక్కలు ఉంటాయి. కాలభైరవుడి వాహనం కుక్క. చివరి ప్రయాణంలో ధర్మరాజు వెంట కుక్క నడిచింది. దాన్ని వదిలేసి వస్తేనే స్వర్గం అంటే, ఆ స్వర్గమే వద్దన్నాడు ఆయన. జ్ఞాని అయినవాడు ఆవునీ, ఏనుగునీ, కుక్కనీ ఒకే దృష్టితో చూస్తాడని గీత 5వ అధ్యాయం చెబుతుంది. వాటికి స్నానం చేయించే పని మాత్రం చిన్నది అనడానికి మనకి శాస్త్రంలో ఆధారం దొరకదు, బంధువుల దగ్గరే దొరుకుతుంది.

పిన్నికి ఇదే చెప్పాను. "నీ చానెల్ మాటలు నాకు చెప్పకు" అంది కానీ, కాస్త మెత్తబడింది.

ఇద్దరినీ షాపుకే పంపించారు

అసలు ప్రశ్న అమ్మమ్మది. ప్రాణం ఉన్న జీవిని అమ్మే చోట పనిచెయ్యొచ్చా?

నేను వెంటనే ధర్మవ్యాధుడిని పట్టుకున్నాను. అరణ్యపర్వంలో కౌశికుడు అనే బ్రాహ్మణుడు చెట్టు కింద కూర్చుని ఉంటే, పైనుంచి ఒక కొంగ రెట్ట వేస్తుంది. కోపంగా పైకి చూస్తాడు, అది చచ్చి కింద పడుతుంది. ఆ తర్వాత ఒక గృహిణి ఆయన గర్వం దించి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకి వెళ్ళి ధర్మవ్యాధుణ్ణి అడగమంటుంది. వెళ్ళి చూస్తే ఆయన మాంసం కొట్టులో కూర్చుని ఉంటాడు. అక్కడ ఆయన చెప్పేది ఏంటంటే, పూర్తిగా హింస లేని బతుకు ఎవరికీ లేదు. నాగలి దున్నితే మట్టిలో ఎన్ని ప్రాణులు పోతాయో లెక్కలేదు అని.

"చూశావా, ఆయనే మాంసం అమ్మాడు. నువ్వు హాయిగా చేరిపో" అని టైప్ చేశాను. పంపించే ముందు ఆగాను. ఎందుకంటే శాంతిపర్వంలో దీనికి జోడీ లాంటి కథ ఇంకొకటి ఉంది. అది నా వాదనకి అడ్డం వస్తోంది.

జాజలి అనే ముని కదలకుండా తపస్సు చేస్తుంటే, ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టుకుంటాయి. గుడ్లు పెడతాయి. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆయన కదలడు. అంత దయ! కానీ అయిపోయాక "ధర్మం సాధించేశాను" అని గర్వపడతాడు. అప్పుడు ఆకాశవాణి, కాశీలో తులాధారుడనే వ్యాపారి ఉన్నాడు, నువ్వు ఆయనకి సాటిరావు అంటుంది. ఆ తులాధారుడు తక్కెడ పట్టుకుని సరుకులు అమ్ముకునే మనిషి. ఆయన జాజలికి ధర్మం చెబుతూ, పశువుల ముక్కులు పొడిచి, కట్టి, కొట్టి బరువులు మోయించడాన్ని తప్పుపడతాడు. ప్రాణమున్న జీవుల్ని అమ్ముకునేవాళ్ళనీ తప్పుపడతాడు. ఎలాంటి సందేహం లేకుండా, నేరుగా.

అంటే ఒకే మహాభారతంలో ఒకరు "దోషం లేని బతుకుతెరువు లేదు" అంటారు, ఇంకొకరు "జీవుల్ని అమ్మడం తప్పు" అంటారు. మనకి ఏది కావాలంటే అది ఏరుకోవచ్చు. యూట్యూబ్‌లో చాలామంది చేసేది అదే, నేను కూడా అప్పుడప్పుడు చేస్తాను. కానీ అడిగింది నా చెల్లెలు. అది నా మాట నమ్మి నిజంగానే వెళ్ళి చేరిపోతుంది.

అందుకని రెండు కథలూ మళ్ళీ చదివాను. ఒక విషయం కనిపించింది. రెండు కథలూ పక్షులతోనే మొదలవుతాయి. ఒకాయన కొంగని చంపాడు, ఇంకొకాయన పిట్టల్ని కాపాడాడు. ఇద్దరికీ గర్వం ఉంది. ఇద్దరినీ గురుకులానికి పంపలేదు, షాపుకి పంపించారు! డబ్బు చేతులు మారే చోట, తూకం తేడా చెయ్యడానికి వీలున్న చోట, రోజూ ఎలా మసులుకోవాలో తెలిసినవాడి దగ్గరికి పంపించారు.

ఇంకొకటి. ధర్మవ్యాధుడు "ఏదైనా చెల్లుతుంది" అనలేదు. తాను స్వయంగా చంపనని, తాను మాంసం తిననని చెప్పుకున్నాడు. ఆ వృత్తి ఆయనకి వంశం నుంచి వచ్చింది. అందులో ఉన్న దోషం ఆయనకి పూర్తిగా తెలుసు, కళ్ళు మూసుకోలేదు. ఎంత దూరం వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో గీత గీసుకుని బతికాడు. మా చెల్లికి అది వంశవృత్తి కాదు. కావాలంటే చేరుతుంది, లేకపోతే లేదు. కాబట్టి దాని బాధ్యత ఆయనకన్నా కాస్త ఎక్కువే.

తడి కట్టెలు

గీత 18వ అధ్యాయం 48వ శ్లోకం మీకు తెలిసిందే. నిప్పుని పొగ కమ్మినట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కమ్ముకునే ఉంటుందనేది దాని భావం. ఆఫీసుల్లో ఈ శ్లోకాన్ని అందరం వాడేస్తాం, "ఏం చేస్తాం బ్రో, అన్నిట్లో ఉంటుంది" అని.

అమ్మమ్మని అడిగాను, "కట్టెల పొయ్యి మీద ఎన్నాళ్ళు వండావ్?" అని. "పెళ్ళయిన దగ్గర్నుంచి 20 ఏళ్ళు పైనే" అంది. "పొగ రాకుండా వండొచ్చా?" "ఎట్లా కుదురుద్దిరా! కానీ తడి కట్టెలు పెడితే ఇల్లంతా పొగే. ఎండుకట్టెలు పెట్టి, గొట్టంతో ఊదుకుంటే కళ్ళు మండవు."

నాకు కావలసిన సమాధానం అదే. పొగ తప్పదు అనేది నిజం. తడి కట్టెలు పెట్టి, "శ్లోకంలోనే ఉంది కదా పొగ వస్తుందని" అనడం మాత్రం మోసం. కాబట్టి ఏ పని గురించైనా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో తప్పించలేని పొగ ఎంత? సోమరితనం వల్లో, ఆశ వల్లో వస్తున్న పొగ ఎంత?

దీనికి జవాబు గ్రంథాల్లో దొరకదు. షాపుకి వెళ్ళి చూడాలి. శనివారం నేను, చెల్లి వెళ్ళాం.

షాపులో

వెళ్ళే ముందు కొంచెం చదువుకుని వెళ్ళాం. మన దేశంలో జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే చట్టం 1960లో వచ్చింది. అంతకు ముందు రాజ్యసభలో దానికోసం బిల్లు పెట్టి పోరాడింది రుక్మిణీదేవి అరండేల్, అవును, కళాక్షేత్ర స్థాపించిన ఆవిడే. ఆ చట్టం కింద 2018లో పెట్ షాపులకి ప్రత్యేక రూల్స్ వచ్చాయి. షాపు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అవ్వాలి. 8 వారాలు నిండని కుక్కపిల్లల్ని, పిల్లిపిల్లల్ని అమ్మకూడదు. మన రామచిలుకల్లాంటి దేశీ చిలుకల్ని 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. అంటే అమ్మమ్మ చెప్పిన రామదాసు కథ ఇప్పుడు చట్టంలో కూడా ఉందన్నమాట! లవ్ బర్డ్స్ అని మనం పిలిచే బడ్జీలు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన జాతి కాబట్టి అవి వేరే లెక్క.

షాపులో రామచిలుకలు లేవు. చేపల తొట్లు శుభ్రంగా ఉన్నాయి. పక్షుల పంజరాలు మరీ ఇరుకు అనిపించలేదు గానీ, ఎగిరే చోటు లేదు. అద్దాల పెట్టెలో రెండు లాబ్రడార్ పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి.

చెల్లి ఓనర్‌ని అడిగింది, "అంకుల్, వీటికి ఎన్ని రోజులు?"

"45 రోజులమ్మా. ఇంకో నాలుగు రోజుల్లో వెళ్ళిపోతాయి, బుకింగ్ అయిపోయింది."

అది వేళ్ళ మీద లెక్కపెట్టింది. 8 వారాలంటే 56 రోజులు. "ఇంకా 11 రోజులు తక్కువ ఉన్నాయి కదా అంకుల్?"

ఆయన నవ్వారు. "అందరూ 45కే అమ్ముతారమ్మా. కస్టమర్లు చిన్న పిల్లల్నే అడుగుతారు. రెండు నెలలు దాటితే 'పెద్దదైపోయింది, క్యూట్‌గా లేదు' అంటారు. నేనేం చెయ్యను?"

ఆ 11 రోజుల్లో ఏముంటుందిలే అని మీకు అనిపించొచ్చు. కుక్కపిల్ల ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్ళకి నొప్పి వేస్తుందో నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఆడుకునే ఈ వారాల్లోనే. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ తగ్గుతూ, టీకాల రక్షణ ఇంకా పూర్తిగా రాని సమయం కూడా ఇదే. పార్వో లాంటి వైరస్ అప్పుడు తగిలితే ప్రాణం పోవచ్చు. అంటే ఇది తప్పించలేని పొగ కాదు. చేతిలో ఉన్నదే, అంకెతో సహా. 11 రోజులు ఆగితే చాలు.

ఒక మాట కూడా చెప్పాలి. ఆ ఓనర్ చెడ్డ మనిషి కాదు. పొద్దున్నే 5 గంటలకి వచ్చి తొట్లు కడుక్కుంటారట. అద్దె, కరెంటు బిల్లు, అప్పు ఉన్నాయి. చిన్నగా, బొమ్మలా ఉన్న పిల్లే కావాలని అడిగేది మనమే. ఇంకా చెప్పాలంటే, దసరా రోజు పాలపిట్టని చూస్తే మంచిదని మన నమ్మకం. అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. స్వేచ్ఛగా ఎగిరే పిట్ట కనిపించడమే శుభం. కానీ ఇప్పుడు కొందరు దాన్ని పట్టి, పంజరంలో తెచ్చి డబ్బులకి చూపిస్తుంటే, మనం 20 రూపాయలు ఇచ్చి దణ్ణం పెట్టుకుంటున్నాం. బంధించినవాడికి పాపం, చూసినవాడికి పుణ్యం అని లెక్క ఎలా వేసుకుంటాం? నేను కూడా ఒకసారి ఇచ్చాను, అందుకే రాస్తున్నాను.

"మరి నీ ఆఫీసులో?"

ఇంటికి నడుస్తూ వస్తుంటే చెల్లి అడిగింది, "అన్నా, నువ్వు మొదటి ఉద్యోగంలో చేరేటప్పుడు ఇవన్నీ ఆలోచించావా?"

ఇదండీ, నేను వీడియోలో చెప్పలేకపోయింది.

లేదు. 22 ఏళ్ళప్పుడు ఆఫర్ లెటర్‌లో నేను చూసింది ఒక్క అంకే. మొదటి ఏడాదిలో నాకు ఇచ్చిన పని, ఒక యాప్‌లో సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేసుకునే పేజీ. క్యాన్సిల్ బటన్‌ని బూడిద రంగులో, చిన్నగా, నాలుగో స్క్రీన్ చివర పెట్టమన్నారు. ప్రతి స్క్రీన్‌లో "నిజంగా వెళ్ళిపోతారా?" అని అడగాలి. నేను చాలా శ్రద్ధగా చేశాను. క్యాన్సిల్ చేసేవాళ్ళు తగ్గారు. టీమ్ అంతా పిజ్జా తిన్నాం. మా మేనేజర్ అందరి ముందు నా పేరు చెప్పి మెచ్చుకున్నారు.

ఏడాది తర్వాత ఊరికి వెళ్తే, అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి, "ప్రతి నెలా 199 రూపాయలు పోతున్నాయిరా. నేనే ఏదో తప్పు నొక్కానేమో, మీ నాన్నకి చెప్పకు" అంది. వేరే కంపెనీ యాప్. కానీ నాలుగో స్క్రీన్ చివర, బూడిద రంగులో, చిన్న బటన్. నాకు వెతకాల్సిన అవసరం రాలేదు, ఎక్కడుంటుందో నాకు తెలుసు కాబట్టి. అమ్మ ఆరు నెలలు అది తన తప్పే అనుకుంది.

2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఇలాంటి 13 రకాల డార్క్ ప్యాటర్న్స్ లిస్టు చేసి, ఇవి చెయ్యకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు కూడా ఒకటి. నేను కట్టిన పంజరానికి ప్రభుత్వం పేరు పెట్టింది!

ఊరి నుంచి వచ్చాక మేనేజర్‌ని అడిగాను. "అది బిజినెస్ నిర్ణయం, మన చేతిలో లేదు" అన్నారు. ఇంకో టీమ్‌కి మారాను. అంతే. ఉద్యోగం మానలేదు, ఇప్పటికీ అదే కంపెనీ జీతం తీసుకుంటున్నాను. ఇవన్నీ చెల్లికి చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నువ్వు కూడా ఫిష్ సెక్షన్‌కి మారావన్నమాట" అంది. అప్పుడు దాని మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు. తర్వాత అయ్యింది.

ఎవరో ఒకరు చేస్తారు కదా

చెల్లి వాదన ఇది. "నేను చేరకపోతే ఇంకెవరో చేరతారు. వాళ్ళు నీళ్ళు మార్చకపోవచ్చు. నేనుంటే కనీసం వాటిని బాగా చూసుకుంటాను కదా." మంచి వాదనే. "ఎవరో ఒకరు చేస్తారు కదా" అనే మాటని నేను ఆఫీసులో జీతం కాపాడుకోడానికి వాడాను, అది జంతువుల కోసం వాడింది. ఆ తేడా ఉంది.

అయినా ఇక్కడ కౌరవ సభ గుర్తు తెచ్చుకోవాలి. ద్రౌపదిని లాక్కొచ్చినప్పుడు ఆ సభలో మంచివాళ్ళు లేకపోలేదు. భీష్ముడు ఉన్నాడు, ద్రోణుడు ఉన్నాడు. మంచివాళ్ళు ఉన్నంత మాత్రాన సభ మంచిది అయిపోలేదు. లేచి "ఇది అధర్మం" అని గట్టిగా అన్నది విదురుడు, ఇంకా దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు. కర్ణుడు ఆ వికర్ణుణ్ణి "నువ్వు చిన్నవాడివి, నీకేం తెలుసు" అన్నట్టే తీసిపారేశాడు. మొదటి ఉద్యోగంలో ఉన్న ప్రతి ఒక్కరూ వికర్ణుడే అనిపిస్తుంది నాకు. అందరికన్నా చిన్న, మాట చెల్లదు, అయినా కళ్ళకి కనిపిస్తోంది.

అందుకే చెల్లికి ఇలా చెప్పాను. "నువ్వు అక్కడ ఉండి మంచి చెయ్యాలంటే, ఒక్కటి చూసుకో. అక్కడ నిజం మాట్లాడే వీలు నీకు ఉంటుందా? నోరు మూసుకుని ఉంటేనే ఉద్యోగం అంటే, నీ దయ వాళ్ళ షాపుకి అలంకారం మాత్రమే."

అది వెళ్ళి ఓనర్‌తో తనే మాట్లాడింది. "అంకుల్, నేను చేరతాను. కానీ కస్టమర్ అడిగితే పప్పీకి ఎన్ని రోజులో నిజమే చెప్తాను." ఆయన కాసేపు చూసి, "అయితే నువ్వు పప్పీల వైపు రాకమ్మా. ఫిష్ సెక్షన్ చూసుకో" అన్నారట.

చేరింది.

చేపల దగ్గర, పప్పీల దగ్గర

మొదటి రెండు వారాలు రోజూ ఫోన్ చేసి పాఠం చెప్పేది నాకు. కొత్త తొట్టిలో అదే రోజు చేపలు వేస్తే ఎందుకు చనిపోతాయో తెలుసా అన్నా అని. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. జనం తొట్టి, చేపలు ఒకేరోజు కొనుక్కుని వెళ్ళి, వారంలో చనిపోయాక "మా చెయ్యి మంచిది కాదు" అనుకుంటారు.

చెల్లి కస్టమర్లకి చెప్పడం మొదలుపెట్టింది, "ఈరోజు తొట్టి తీసుకెళ్ళండి, చేపల కోసం మళ్ళీ రండి" అని. ఓనర్ మొదట గొణిగారు. కానీ మళ్ళీ వచ్చినవాళ్ళు మొక్కలు, టెస్ట్ కిట్లు కూడా కొంటున్నారు, "చేప చచ్చిపోయింది" అని గొడవకి వచ్చేవాళ్ళు తగ్గారు. ఆయనే అందరికీ అలాగే చెప్పడం మొదలుపెట్టారు. చెల్లి ఎంత సంతోషపడిందో!

నాకూ సంతోషమే. కానీ లోపల ఒక అనుమానం. ఇక్కడ ధర్మం, లాభం ఒకే దారిలో నడిచాయి. అలాంటి చోట ధర్మంగా ఉండటం పెద్ద కష్టం కాదు. అవి విడిపోయే చోట ఏం చేస్తామన్నదే అసలు పరీక్ష.

19వ రోజున అది వచ్చింది. ఓనర్ భోజనానికి వెళ్ళినప్పుడు ఒక జంట, చిన్న బాబుతో వచ్చారు. బాబు అద్దాల పెట్టెకి మొహం ఆనించి నిలబడ్డాడు. ఆవిడ చెల్లిని అడిగింది, "ఏమ్మా, ఇది ఎన్ని రోజుల పిల్ల? ఇంట్లో చిన్న పిల్లాడు ఉన్నాడు, పర్వాలేదు కదా?"

చెల్లి అనుకుంటే "నాకు తెలీదండి, నేను ఫిష్ సెక్షన్" అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. నేను టీమ్ మారినట్టే. అప్పుడు అర్థమైంది నాకు, ఆరోజు అది నాతో అన్న మాట.

"45 రోజులండి. 8 వారాలు నిండాక తీసుకుంటే దానికీ మంచిది, బాబుకీ మంచిది. టీకా కార్డు కూడా అడిగి తీసుకోండి" అని చెప్పింది. వాళ్ళు "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోయారు. రాలేదు. సాయంత్రం ఓనర్‌కి తెలిసింది. ఆయన అరవలేదట. 19 రోజుల జీతం లెక్కకట్టి, నోట్లు చేతిలో పెట్టి, "నువ్వు మంచి పిల్లవేనమ్మా, కానీ రేపట్నుంచి రావద్దు" అన్నారట.

ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. ఉద్యోగం పోయినందుకు కాదు. "అన్నా, నేను నిజం చెప్తే ఏమైంది? ఆ పప్పీ ఇంకా అక్కడే ఉంది. రేపు ఇంకెవరో తీసుకెళ్తారు. చేపల తొట్లు ఇక ఎవరు చూస్తారు? నేను చేసింది రైటేనా?"

నా దగ్గర ఉన్న జవాబు

దానికి నేను చెప్పింది మీకూ చెప్తాను. ఇదే చివరి మాట అని అనను.

ఫలితం చూస్తే అది ఓడిపోయింది. పప్పీ మారలేదు, షాపు మారలేదు, లాప్‌టాప్‌కి సగం డబ్బు కూడా రాలేదు. వికర్ణుడు కూడా సభలో ఓడిపోయాడు. పైగా తర్వాత అదే కౌరవుల పక్షాన యుద్ధం చేసి చనిపోయాడు. అయినా ఆ సభలో పెద్దవాళ్ళంతా తల దించుకున్నప్పుడు "అందరూ ఒప్పుకున్నారు" అని ఎవరూ అనలేకుండా చేసింది ఆ చిన్నవాడి మాటే. ఒక నిజం బయటికి చెప్పాక, ఆ తర్వాత జరిగేది తెలియక జరిగింది కాదు. ఆ ఓనర్ రేపు 45 రోజుల పిల్లని అమ్మితే, 56 అనే అంకె తెలిసి అమ్ముతారు. ఆ తల్లి ఇంకెక్కడైనా కొన్నా, టీకా కార్డు అడుగుతుంది. ఇంతకన్నా పెద్ద ఫలితం నేను చూపించలేను.

చేరడం పాపమా అంటే, కాదనే నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. మొదటి రోజు నుంచి కళ్ళు తెరుచుకుని వెళ్ళింది, ఎక్కడ ఆగాలో ముందే చెప్పి వెళ్ళింది, ఆ చోటు రాగానే ఆగింది. షాపు చిన్నదా, కంపెనీ పెద్దదా అన్నది లెక్కలోకి రాదు. నాకు 22 ఏళ్ళకి తట్టని ప్రశ్న దానికి 17కే తట్టింది.

అమ్మమ్మ ఆ డబ్బుని పూజగదిలో రాముడి పటం ముందు ఒక రాత్రి పెట్టింది. "పాపపు సొమ్ము అన్నావ్ కదా అమ్మమ్మా" అని అడిగాను. "చిలకని బయటికి వదిలే ప్రయత్నం చేసింది కదరా, అది ఎగిరిందో లేదో రాముడు చూసుకుంటాడు" అంది.

ఇక నా సంగతి. నేను పాత టీమ్ నుంచి మారాను కానీ, ఆ పేజీ అలాగే ఉంది. పోయిన సోమవారం 2023 మార్గదర్శకాలు, మా పేజీ స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి, మేనేజర్‌కీ, లీగల్ టీమ్‌కీ మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. "ఇప్పుడెందుకు ఇవన్నీ" అని ఒక సీనియర్ టీ దగ్గర అన్నారు. ఏమవుతుందో చూద్దాం.

మీరు కూడా ఈ సెలవుల్లో మొదటి ఉద్యోగం వెతుక్కుంటుంటే, లేదా ఎన్నో ఏళ్ళుగా ఉద్యోగంలో ఉంటే, ఒక్కసారి మీ పొయ్యిలో ఏ కట్టెలు ఉన్నాయో చూసుకోండి. తడిగా ఉన్నవి ఒకటో రెండో కనిపిస్తే బయటికి తియ్యడానికి ప్రయత్నించండి. పెట్ షాపుకి వెళ్తే మాత్రం "ఎన్ని రోజుల పిల్ల?" అని తప్పకుండా అడగండి. వచ్చే దసరాకి పాలపిట్ట కోసం పంజరాల దగ్గరికి వెళ్ళకండి, పొలాల వైపు వెళ్ళండి.

మీ అనుభవాలు ఉంటే రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. అందరికీ శ్రీరామరక్ష.